ఒరవడి

మాస్టారి మందు పదార్థాన్ని పక్కన పెట్టెయ్యడానికి ఆ శుక్రవారం మీటింగులో ఎవరో లేచి కిటికీ పరదా లాగి మళ్ళీ కూర్చునేంత సేపు కూడా పట్టలేదు. గోడమీద పడుతున్న బొమ్మ ఎండకు వెలిసిపోయి కనిపిస్తోందని ఒకరు లేచారు. పరదా పడి గది మసకబారేసరికి ల్యాబు పెద్దాయన తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయారు. "ఇది కణాల్లో ఏమీ చెయ్యలేదు, వదిలేద్దాం" అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చినా, అలా అనిపించినవి తను కణాలు పెంచే ప్లేట్లేనని కణాలమ్మకు తెలుసు.

ఆమెను ఆ ల్యాబులో అందరూ కణాలమ్మ అనే పిలుస్తారు. మొదట్లో వేళాకోళానికి పెట్టిన పేరు, పోనుపోను అదే స్థిరపడిపోయింది. కాన్పుల ఆసుపత్రి నర్సు ఐసు పెట్టెలో పంపించే బొడ్డుతాళ్ళు నేరుగా ఆమె చేతికే వస్తాయి. తాడులోని పెద్ద నాళంలోకి సన్నటి గొట్టం దూర్చి, రక్తం పోయేదాకా కడిగి, గోరువెచ్చటి మందునీళ్ళు నింపి రెండు చివర్లూ బిగించి పట్టుకుంటుంది. కాసేపాగి వంచితే నాళం లోపలి పొర కణాలు ఊడి నీళ్ళతోపాటు జారి వస్తాయి. వాటిని గులాబీ రంగు ద్రవంలో పెంచుతుంది. ఆ పిల్లలు ఇళ్ళకు చేరి పాలు తాగి నిద్రపోతూ ఉంటారు. వాళ్ళు వదిలేసిన తాడులోని కణాలు ఇక్కడ ఇంక్యుబేటర్ వెచ్చదనంలో ఒకదాన్నొకటి ఆనుకుని పరుచుకుంటూ ఉంటాయి.

రక్తాన్ని తాకుతూ ఉండే ఆ ఒక్క వరుస కణాలే నాళం గోడలోని కండరానికి కబురు పంపుతాయి. సడలమంటే సడలుతుంది, బిగుసుకోమంటే బిగుసుకుంటుంది. సడలమనే కబురును గట్టిగా పంపించే మందు ఒకటి దొరికితే, నాళాలు ఇరుకైపోయినవాళ్ళు కాస్త తెరిపిన పడతారు. ఆ ల్యాబులో అందరి పనీ ఈ కబురు చుట్టూనే.

దానికోసం తయారైన పదార్థాల్లో చివరిదాకా నిలిచినవి రెండు. మాస్టారు చేసినదాన్ని మొండిఘటం అనేవారు. అది ఏ ద్రవంలోనూ ఓ పట్టాన కరిగేది కాదు. పెద్దాయన స్వయంగా కాగితం మీద గీసి తయారుచేయించినదాని పేరు బంగారం. ఆ పేరెందుకో చెప్పక్కర్లేదు. కబురు బయల్దేరినప్పుడు వెలిగే రంగు ఒకటి కణాలకు ముందే పట్టించి ఉంచుతారు. బంగారం చుక్క పడితే చాలు, ప్లేటంతా లేత ఆకుపచ్చగా వెలిగేది. మొండిఘటం పడితే చీకటి చీకటిగానే ఉండేది.

వచ్చే గురువారం మందుల కంపెనీవాళ్ళు వస్తున్నారనీ, బంగారాన్ని వాళ్ళ చేతిలో పెడుతున్నామనీ పెద్దాయన చెప్పారు. ఆ పరిశోధన పత్రం మీద మొదటి పేరు కణాలమ్మదేనన్నారు. కొత్తగా పెట్టబోయే విభాగం కూడా ఆమే చూసుకుంటుందన్నారు. అందరూ ఆమెవైపు తిరిగి నవ్వారు. ఆమెకు లోపల ఏదో పొంగింది. అదే క్షణంలో బల్ల చివర కూర్చున్న మాస్టారు కళ్ళజోడు తీసి జేబురుమాలుతో తుడవడం కనిపించి, ఆ పొంగు ఎటూ పోలేక అక్కడే ఆగింది.

తుడిచిన అద్దాలను మళ్ళీ తుడుస్తూ ఆయన ఒకే ఒక్క మాట అడిగారు. "ఈ కణాలు పుట్టింది పారే రక్తంలో కదమ్మా. పారే నీళ్ళలో పెట్టి చూశారా?"

అది మంచి ప్రశ్నేననీ, దానికిప్పుడు వ్యవధి లేదనీ పెద్దాయన అన్నారు. అంతటితో మీటింగు అయిపోయింది.

మాస్టారు ఒకప్పుడు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవారు. ఈ పదార్థం మీద ఆశతో ఆ ఉద్యోగం మానుకుని ఇక్కడికొచ్చారు. సాయంత్రం ఆమె అటుగా వెళ్ళేసరికి ఆయన సీసాల మీద అంటించిన కాగితాలు ఒక్కొక్కటే తడిపి, గోటితో గీకి తీస్తున్నారు. ఆయన పనిచేసే బల్ల సోమవారం నుంచి వేరేవాళ్ళదట. ఎవరిమీదా నిష్ఠూరంగా ఒక్క ముక్క అనలేదు. ఖాళీ సీసాలను ఎత్తుల ప్రకారం పేర్చుతున్నారు. పొట్టివి ముందు, పొడుగువి వెనక.

ఇంటికొచ్చేసరికి అక్క కిటికీ పక్కన కూర్చుని ఎవరిదో గౌను అంచు మడిచి కుడుతోంది. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్ళే నాళాలు బిగుసుకుపోయే జబ్బు ఆమెది. మెట్లెక్కితే ఆయాసం, గబగబా నడిస్తే ఆయాసం. ఒక్కోరోజు ఊరికే మాట్లాడినా పెదవులు నీలంగా మారేవి. కుట్టుపని మాత్రం మానలేదు. సూది పట్టుకోవడానికి ఊపిరితో పనిలేదంటుంది.

"ఏమే చిట్టీ, నీ పిల్లలేం చేశాయి ఈవేళ?" అంది తలెత్తకుండానే.

రోజూ అడిగే ప్రశ్న అది. చెల్లెలు చెప్పుల్లోంచి కాళ్ళు తీసి, నేలమీద చతికిలబడి, అక్క మోకాలికి తల ఆనించి చెప్పడం మొదలుపెడుతుంది. కణాలు రెండుగా విడిపోయేటప్పుడు ముందు గుండ్రంగా ఎలా ముడుచుకుంటాయో, పక్కదాన్ని తాకగానే ఎలా ఆగిపోతాయో. ఆ రోజు బంగారం సంగతి చెప్పింది. వచ్చేస్తోందక్కా మన మందు, అంది. మన అన్న మాట నోటివెంట తేలిగ్గానే వచ్చింది. మాస్టారి సంగతి మాత్రం మింగేసింది. అక్క దారం పళ్ళతో కొరికి, నవ్వి, చెల్లెలి నెత్తిన ఒక చిన్న మొట్టికాయ వేసింది.

మర్నాడు సెలవు. అయినా ఆమె పొద్దున్నే ల్యాబుకు వెళ్ళి సామాన్ల గది బీరువా వెతికింది. వెనకెప్పుడో ఎవరో కొని, వాడి, వదిలేసిన చిన్న పంపు అడుగు అరలో దొరికింది. దాని పని కణాలు పరిచిన సన్నటి గాజు కాలువలోకి ద్రవాన్ని ఆగకుండా తోస్తూ ఉండటం. మొండిఘటానికి న్యాయంగా ఒక్క అవకాశం ఇవ్వాలని తప్ప అప్పటికి ఆమె మనసులో మరో ఆలోచన లేదు. మాస్టారు మిగిలిన సామాను సర్దుకోవడానికి వచ్చి ఉన్నారు. ఆమె పంపు బల్లమీద పెట్టడం చూసి దగ్గరికొచ్చారు. గొట్టం అతుకు దగ్గర చుక్కచుక్కగా కారుతుంటే, సన్నటి రబ్బరు ముక్క కోసి, దారంలా చుట్టి, వేలితో నొక్కి పట్టుకున్నారు. కారడం ఆగింది.

"నాకోసమైతే ఇంత శ్రమ అక్కర్లేదమ్మా," అన్నారు.

"కణాలకోసం, మాస్టారూ," అంది ఆమె. అది అబద్ధమే. అయినా ఇద్దరూ నమ్మినట్టు ఊరుకున్నారు.

పక్కపక్కనే మూడు కాలువలు సిద్ధం చేశారు. మొదటిదాంట్లో ఏ మందూ కలపకూడదు. రెండోది మొండిఘటానికి. మూడోది, ఎలాగూ పోల్చి చూడాలి కాబట్టి, బంగారానికి. మందు వెయ్యడానికి ముందు కణాలు ప్రవాహానికి అలవాటు పడాలి. పంపు నెమ్మదిగా తిప్పి, ద్రవం పారడం మొదలయ్యాక ఆమె మైక్రోస్కోపులోకి చూసింది. ఎప్పుడూ చూసే కణాలే. గులకరాళ్ళు పరిచిన నేలలా, ఎవరికీ ఎటు వెళ్ళాలో తెలియనట్టు, ఎటుపడితే అటు తిరిగి ఉన్నాయి.

ఆదివారం పొద్దున మళ్ళీ చూసింది. చూసి, కళ్ళు నలుపుకుని, అద్దం సరిచేసి మళ్ళీ చూసింది. కణాలన్నీ పొడుగ్గా సాగి, ఒకే దిక్కుకు తిరిగి పడుకుని ఉన్నాయి. ఏటి మధ్య గడ్డి ఒరవడి ఎటు పోతే అటు వాలినట్టు. ఇలా జరుగుతుందని చదవక కాదు. చదవడం వేరు. బయట సన్నగా వాన పడుతోంది. ల్యాబులో మరో మనిషి లేడు. పంపు గుండెలా కొట్టుకుంటోంది, గులాబీ ద్రవం గొట్టాల్లో తిరుగుతోంది. ఆమెకు తను ఏ గదిలో ఉందో, చేతులు ఎక్కడున్నాయో కాసేపు తెలియలేదు. ఒక నిద్రలోకి జారుతున్నట్టూ, ఎప్పటినుంచో ఉన్న నిద్ర నుంచి బయటికి వస్తున్నట్టూ రెండూ ఒకేసారి అనిపించింది. ఇన్నేళ్ళు వీటిని పెంచింది, వీటి పేరే తనకు పెట్టారు. వీటి అసలు ముఖం ఈవేళ చూస్తోంది.

సోమవారం రంగు పట్టించింది. లైటార్పి, రెండో కాలువలోకి మొండిఘటం వదిలింది. మాస్టారు ఆమె వెనక నిలబడ్డారు. మైక్రోస్కోపు తెరమీద పచ్చటి వెలుగు కనిపించగానే ఆమె గుండె ఎగిరింది. వెలిగింది మాస్టారూ, అనబోయింది. అనేలోపే చెయ్యి అలవాటు కొద్దీ అద్దాన్ని మొదటి కాలువవైపు తిప్పింది.

అక్కడా అదే వెలుగు. ఏ మందూ లేని కాలువ అది. ఉత్త ద్రవం పారుతోంది, అంతే. కణాలు మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకు మిణుకుమిణుకుమంటూ, ఒకటి చెప్పింది పక్కది విని దాని పక్కదానికి చెప్పినట్టు వెలుగుతున్నాయి. ద్రవం కదలని ప్లేటులో బంగారం పడ్డప్పుడు కూడా అంత వెలుగు ఆమె ఎన్నడూ చూడలేదు.

మాస్టారు మెల్లగా ఊపిరి వదిలారు. "అయితే అది నాదాని గొప్పతనం కాదన్నమాట," అన్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు చేతులకేసి చూసుకున్నారు. తర్వాత, "మూడోది కూడా చూడండమ్మా," అన్నారు.

చూడకపోయినా ఆమెకు తెలిసిపోయింది. అయినా బంగారం వదిలింది. అదే వెలుగు. ఒక్క పిసరు ఎక్కువ లేదు. నిలవ నీళ్ళలో ఇన్నాళ్ళూ బంగారం చేసిందంతా, పారే నీరు ఎవరూ అడక్కుండానే చేసి పెడుతోంది. అప్పటికే పంపిస్తున్న కబురును పంపించమని మళ్ళీ చెప్పడానికి మందెందుకు?

గురువారం, పత్రం మీద పేరు, కొత్త విభాగం, మన మందు అని అక్క మోకాలికి తల ఆనించి అన్న మాట, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళముందు తిరిగాయి. ఈ పంపు బీరువాలో ఉందని వేరెవరికీ తెలియదు. వ్యవధి లేదని పెద్దాయనే అన్నారు. మాస్టారు ఎవరికీ చెప్పే మనిషి కాదు. ఈ మూడు సంగతులూ తన మనసు ఎంత త్వరగా ఏరుకుందో చూసి ఆమెకు తనంటే తనకే భయమేసింది.

మాస్టారు ఆ భయం కనిపెట్టినట్టే ఉన్నారు. "నాది శుక్రవారమే పోయింది. మీది ఇప్పుడు పోతోంది," అన్నారు నెమ్మదిగా. "నాకోసం ఏమీ చెప్పొద్దు. ముందు ఇంకో తాడు కణాలతో చూసుకోండి. పంపు పొరపాటేమో, రంగు పొరపాటేమో. మనదే పొరపాటైతే అంతకన్నా అదృష్టమా?"

ఆ రాత్రే వేరే బిడ్డ కణాలను పంపుకు పెట్టి, మర్నాడు చూసింది. రంగు మార్చి చూసింది. పొరపాటేమీ లేదు.

బుధవారం ఉదయం పెద్దాయన గది ముందు నిలబడి, చెప్పాల్సింది మనసులో ఎన్నిసార్లు అనుకున్నా, తీరా లోపలికి వెళ్ళాక, మీరొకసారి వచ్చి చూడాలి సార్, అని మాత్రం అనగలిగింది. ఆయన గురువారానికి బొమ్మలు సరిచూసుకుంటూ విసుక్కుంటూనే లేచారు. దారిలో ఫోను మోగితే కట్ చేశారు. మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక మాత్రం ఆ విసుగంతా ఎటు పోయిందో. ముందుకు వంగి, మోచేతులు బల్లకు ఆనించి, పరీక్షలో కూర్చున్న పిల్లాడిలా చూస్తూ ఉండిపోయారు. మొదటి కాలువ, మూడోది, మళ్ళీ మొదటిది. ఆయన చేతులతో ఈ పనులు చేసి ఎన్నేళ్ళయిందోనని ఆమెకు అనిపించింది. మీటల మీద వేళ్ళు ఎక్కడెక్కడ పెట్టాలో ఆ వేళ్ళకు మాత్రం ఇంకా గుర్తుంది.

ఆమె ఏ తిట్టుకైనా సిద్ధంగానే నిలబడింది. మిమ్మల్ని ఇదంతా ఎవరు చెయ్యమన్నారు అంటారనుకుంది. రేపు కంపెనీవాళ్ళు వెళ్ళేదాకా ఆగుదాం అంటారేమో, అన్నాక తను ఏం చెయ్యాలో కూడా రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది.

పెద్దాయన చాలాసేపటికి తలెత్తారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఇన్నాళ్ళూ వీటిని నిద్రలో ఉండగా ప్రశ్నలు అడిగామమ్మా," అన్నారు. "అవి నిద్రలోనే జవాబులు చెప్పాయి."

"బంగారం..." అంది ఆమె.

"అయిపోయింది." ఆ మాట ఆయన శుక్రవారం మొండిఘటాన్ని కొట్టేసినంత త్వరగానే అన్నారు. అన్నాక మాత్రం ఒక క్షణం ఆగారు. శుక్రవారం అలా ఆగలేదు. "రేపు వాళ్ళకిదే చూపిద్దాం. ఇష్టమైతే ఉంటారు, లేకపోతే వెళ్తారు. జబ్బుపడినవాళ్ళ నాళాల్లోనూ రక్తం పారుతూనే ఉంటుంది కదా. అక్కడి కణాలకు ఆ ఒరవడి వినపడటం లేదేమో. వినే చెవి ఒకటి ఉండాలి. ముందది పట్టుకోవాలి. దాన్ని తెరిచే మందు అప్పుడు చెయ్యాలి." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే, మాస్టారు ఇంకా ఉన్నారా వెళ్ళిపోయారా అని అడిగారు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు. మధ్యాహ్నం అటు వెళితే మాస్టారు చొక్కా చేతులు మడిచి సీసాలు కడుగుతున్నారు. ప్రస్తుతానికి ఉండమన్నారట. బల్ల మాత్రం పాతది కాదు, కిటికీ లేని మూల ఒకటి ఇచ్చారు. క్షమించమని పెద్దాయన అన్నారా అని ఆమె అడిగింది. మాస్టారు సీసా కడుగుతూనే, అలాంటిదేమీ అనలేదు గానీ, మొండిఘటాన్ని కరిగించడానికి ఏమేం వాడారో మొత్తం అడిగి రాసుకున్నారని చెప్పారు. ఆ చెప్పడంలో ఒక మురిపెం ఉంది.

కొత్త విభాగం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక మిగిలింది ఇల్లు. సాయంత్రం ఆమె ఒక స్టాపు ముందే బస్సు దిగి నడిచింది. వాన వెలిసి వీధి మెరుస్తోంది. దీపాల వెలుగు రోడ్డుమీద తడిలో సాగి కదులుతుంటే, తను ఏ కాలువ అడుగున నడుస్తోందో అన్నట్టుంది. పెద్దాయనకు చెప్పడం కష్టమనుకుంది గానీ, అసలు కష్టం ఇది. అక్కకు ఏళ్ళ తరబడి రోజుకింత ఆశ చేతిలో పెడుతూ వచ్చింది. దాన్ని ఈవేళ తిరిగి ఇచ్చెయ్యమనాలి.

అక్క చేతిలో ఆ రోజు కుట్టుపని లేదు. వెనక్కి వాలి, దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉంది. చెల్లెలు ఆమె మంచం అంచున కూర్చుని, తన చీర కుచ్చెళ్ళు సర్దుతూ, ఏమీ దాచకుండా మొదటి నుంచీ చెప్పింది. మాస్టారి సీసాలు, పంపు, గడ్డిలా వాలిన కణాలు, ఏమీ లేని కాలువలో వెలుగు. "మన మందు పోయిందక్కా," అంది చివరికి. "మళ్ళీ మొదటికొచ్చాం. ఎప్పటికవుతుందో కూడా చెప్పలేను."

అక్క ఊపిరి కూడదీసుకుంది. "అన్నీ ఒకే దిక్కుకు తిరిగాయా?" అని అడిగింది.

"మందు పోయిందని చెబుతున్నా."

"విన్నానే. ఇన్నేళ్ళలో ఆ మందు ఎప్పుడొస్తుందని నేనెప్పుడైనా అడిగానా?"

చెల్లెలు వెనక్కి తిరిగి వెతుక్కుంది. ఒక్కసారీ లేదు. నీ పిల్లలేం చేశాయనే అడిగేది.

"నేను పొద్దున వేసుకునే మాత్ర సంగతి నువ్వే చెప్పావు కదా," అంది అక్క ఆగి ఆగి. "బిగుసుకొమ్మని కూడా ఆ కణాలే కబురు పెడతాయని ఎవరో కనిపెట్టారు. అది కండరానికి వినపడకుండా చేసే మందు ఇంకెప్పుడో ఇంకెవరో చేశారు. ఆ మొదటివాళ్ళకు నేనెవరో తెలుసా? వాళ్ళెవరో నాకు తెలుసా? అయినా రోజూ పొద్దున నా చేతిలోకొస్తోంది. నువ్వు చేసేదీ అలాగే ఎవరి చేతిలోనో పడుతుంది. నాకే రావాలని నేనెప్పుడనుకున్నాను?"

"మరి రోజూ ఎందుకు అడిగేదానివి?"

"గాలాడనప్పుడు ఏం తోచేది కాదే. కళ్ళు మూసుకుని, నువ్వు చెప్పినవన్నీ నా లోపల కూడా ఉన్నాయని ఊహించుకునేదాన్ని. ఒకదాన్నొకటి తట్టుకుంటూ, ఏదో ఒకటి చెప్పుకుంటూ. ఒంటరిగా అనిపించేది కాదు." పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. "నువ్వేమో నా ఆశంతా నీ నెత్తిన వేసుకుని తిరుగుతున్నావు. దించెయ్యి."

చెల్లెలు తల వంచుకుంది. కన్నీళ్ళు వచ్చాయి. అక్క వాటిని పట్టించుకోకుండా, మంచం మీద పడిన చెల్లెలి కుచ్చెళ్ళను వేళ్ళతో లాగి సరిచేసింది.

"ఒక్కటే కోరిక," అంది. "మందు కాదు. వాటిని ఒకసారి నాకు చూపించు."

కంపెనీవాళ్ళు వచ్చారు, చూశారు, కబురు చేస్తామని చెప్పి వెళ్ళారు. పెద్దాయన మామూలుగానే ఉన్నారు. పంపు మాత్రం బీరువాలోకి తిరిగి వెళ్ళలేదు. ఇంకో రెండు పంపులు తెప్పించమన్నారు.

ఆ మరుసటి వారం ఒక మధ్యాహ్నం అక్క ల్యాబుకు వచ్చింది. లిఫ్టు దిగినచోట ఒకసారి, నడవ మలుపులో ఒకసారి ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. మాస్టారు ఎక్కడినుంచో మెత్తటి కుర్చీ ఒకటి మోసుకొచ్చి మైక్రోస్కోపు ముందు వేశారు. ఎత్తు చాలకపోతే పైన ఒక దిండు కూడా వేశారు. చెల్లెలు గదిలో లైటార్పి, అక్క తలను మెల్లగా ముందుకు వంచి, కళ్ళు అద్దాలకు ఆనేలా పట్టుకుంది.

మొదట ఏమీ కనిపించడం లేదంది అక్క. ఆమె వేళ్ళు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్ళు కొంచెం కొంచెంగా వదులు కావడం చెల్లెలు చూసింది.

ఇంతలో ద్రవం సీసా ఖాళీ అయింది. మార్చాలంటే పంపు ఒక్క నిమిషం ఆపాలి. మాస్టారు మీట నొక్కారు. గదిలో చప్పుడు ఆగిపోయింది.

"అయ్యో, ఆరిపోతున్నాయి," అంది అక్క, కళ్ళు తియ్యకుండానే.

"ఏమీ కాదక్కా. సీసా మారుస్తున్నాం, అంతే."

చెల్లెలు నిండు సీసా అందించింది. మాస్టారు గొట్టం బిగించి, అతుకు వేలితో తడిమి చూసి, పంపు మళ్ళీ తిప్పారు. ద్రవం కదలడం మొదలైంది. అక్క ఊపిరి ఒకసారి లోపలికి వెళ్ళి ఆగింది. తర్వాత నెమ్మదిగా, నిండుగా బయటికి వచ్చింది.

"ఇదిగో," అంది అక్క, ఎవరినో నిద్రలేపకూడదన్నట్టు గొంతు తగ్గించి. "ఈ చివర్నించి మొదలైంది. వస్తున్నాయే, చిట్టీ. ఒక్కొక్కటే వస్తున్నాయి."